మెదక్ వెళ్తున్నాం: చర్చి చూశాక ఆ ఊళ్లో ఇంకేం చేయొచ్చు?

బెజవాడ బండి

అందరికీ నమస్కారమండీ. నవంబరు రెండో వారంలో హైదరాబాద్‌లో చుట్టాలింటికి వస్తున్నాం. మెదక్ చర్చి చూడాలని అమ్మకు ఎన్నాళ్ల నుంచో కోరిక. వచ్చేది అమ్మ, నాన్న, మా ఆవిడ, నేను, మూడో తరగతి చదివే పాప. నాన్నకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కడం కష్టం. మా బావగారేమో "అరగంటలో చూసేస్తారు, దానికోసం వంద కిలోమీటర్లు పోవడం దండగ" అంటున్నారు. నిజంగా అంతేనా? రోజంతా గడపడానికి ఏమైనా ఉందా? ఆదివారం పోవాలా, మామూలు రోజు మంచిదా? రైలు కూడా వేశారని విన్నాం. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మంజీర ఒడ్డు

అన్నా, మాది మెదక్ పక్క ఊరే. అరగంటల అయిపోతదనేటోళ్లు మెట్ల కాడ నిలవడి ఫొటో దిగి అట్నుంచి అటే మర్లిపోయేటోళ్లు. పొద్దుగాల తొమ్మిది, పదికల్ల చేరేటట్టు చూస్కోండ్రి. ఎండ మంచిగున్నప్పుడే లోపల రంగుల అద్దాల కిటికీలు కనవడతయి. మబ్బు వట్టినా, పొద్దు గూకినా ఆ అద్దాలు నల్లగయితయి. లోపలికి పోంగనే ముందుకు ఉరకకుండ్రి. ఎనక బెంచి మీద కూసోని జర సేపు పైకి చూడుండ్రి. ఆ కప్పు, ఆ స్తంభాల వరస, గంత దూరంల వేదిక ఎనక కిటికీ. మీ అమ్మ చూడాలనుకున్నది గదే అయి ఉంటది.

మీ నాయినకు చర్చి కాడ పెద్ద ఇబ్బంది కాదు. ముందట మెట్లున్నయి గాని చెయ్యి వట్టి మెల్లగ ఎక్కియ్యొచ్చు. గుట్ట మీదున్న మెదక్ ఖిల్లా మాత్రం ఆయనతోని కాదు.

పాత కాగితాలు

మంజీర ఒడ్డు గారు చెప్పిన కిటికీల గురించి రెండు మాటలు. మూడు కిటికీలూ ఒకేసారి పెట్టినవి కావు. వేదిక వెనక ఉన్నది క్రీస్తు ఆరోహణం, 1927 నాటిది. ప్రక్కలనున్న రెంటిలో జననం 1947లో, సిలువ 1958లో వచ్చాయి. ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ శాలిస్‌బరీ వీటిని రూపొందించారు. చర్చి తెరిచాక మూడు దశాబ్దాలకు పైగా ఈ పని సాగిందన్న మాట. దగ్గరికి వెళ్లి చూస్తే బొమ్మ కనిపించదు, సీసపు పట్టీల మధ్య బిగించిన గాజు ముక్కలే కనిపిస్తాయి. పది అడుగులు వెనక్కి వస్తే ఆ ముక్కలే ముఖమవుతాయి, వస్త్రం మడతలవుతాయి. మీ పాపను ముందుకూ వెనక్కీ నడిపించి చూపించండి, పిల్లలకు ఇది భలే నచ్చుతుంది.

కట్టించింది ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ అయిన మెథడిస్టుల మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్. 1914లో పని మొదలైంది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ పదేళ్లలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, కరువు వచ్చింది. కరువులో జనానికి ఊరికే గంజి పోసే బదులు పని ఇచ్చి తిండి పెట్టారు. చుట్టుపక్కల పల్లెల వాళ్లు రాళ్లు మోశారు, సున్నం కలిపారు, చెక్కారు. ఇప్పుడు మనం తలెత్తి చూసే ప్రతి రాయి వెనక ఆ పూట అన్నం తిన్న ఒక ఇల్లుంది. నాకు ఆ కట్టడంలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే. శిఖరం ఎత్తు దీని తరువాతే.

కొలతలు కావాలంటే: గంట గోపురం 175 అడుగులు, పొడవు 200, వెడల్పు 100. లోపల దాదాపు 5,000 మంది పడతారు.

బెజవాడ బండి

చాలా థ్యాంక్సండీ. అమ్మకు ఇది చదివి వినిపించాను. చార్మినార్ కన్నా ఎత్తు అవుతుందని నిజాం ఒప్పుకోలేదని ఒక కథ ఉందట కదా, నాన్న అడుగుతున్నారు.

పాత కాగితాలు

ఆ కథ ఊళ్లో అందరూ చెప్తారండీ, నాన్నగారికి చెప్పడానికి సరదాగానే ఉంటుంది. కథగానే వినమనండి. ఖాయంగా చెప్పగలిగిన సంగతి ఇంకొకటుంది, దాన్ని ఎవరూ చెప్పరు. 1924లో ఇది కెథడ్రల్ కాదు. మెథడిస్టుల్లో అప్పుడు ఇక్కడ బిషప్ లేరు, బిషప్ పీఠం ఉంటేనే కెథడ్రల్ అవుతుంది. 1947 సెప్టెంబరులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రెగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అంటే మనం సీఎస్ఐ అనేది, ఏర్పడింది. అప్పుడు మెదక్ అధ్యక్ష మండలం, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం, ఏర్పడి ఈ చర్చి దానికి కేంద్రమైంది. అంతవరకు అది ఊరికి మించిన పెద్ద చర్చి మాత్రమే. జిల్లా కేంద్రమే అయినా మెదక్ ఇవాళ్టికీ చిన్న పట్నమే కాబట్టి, ఏ రోడ్డు మీంచి చూసినా గోపురం కనిపిస్తూనే ఉంటుంది.

ఆదివారం పాట

మా ఇంట్లో మూడు తరాలుగా సీఎస్ఐ. బెజవాడ బండి గారూ, ఆదివారమా మామూలు రోజా అని అడిగారు కదా. మీ అమ్మగారు ప్రార్థన కోసం వస్తుంటే ఆదివారం ఆరాధనకే రండి. పెద్ద కట్టడంలో నలుగురు తిరుగుతూ చూడటం వేరు, వందల గొంతులు ఒక్కసారిగా తెలుగు కీర్తన ఎత్తుకుంటే ఆ కప్పు కింద నిలబడి వినడం వేరు. నాకు మటుకు ఆ చర్చి పాట ఉన్నప్పుడే పూర్తిగా ఉంటుంది. చూడటానికి మాత్రమే వస్తుంటే మంగళవారమో, బుధవారమో పొద్దున్నే రండి. ఖాళీగా ఉంటుంది, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఎంతసేపైనా కూర్చోవచ్చు.

రెండూ కలపకండి. ఆరాధన జరుగుతుండగా చూడ్డానికి వచ్చి ఫోన్లు ఎత్తి పట్టుకుని నడవలో తిరిగేవాళ్లు ఎక్కువైపోయారు. ముందు వరసలో ఒకావిడ కళ్లు మూసుకుని ఏడుస్తూ ప్రార్థిస్తుంటే ఆమె ముఖం మీద కెమెరా పెట్టినవాళ్లను చూశాను. గుళ్లో అయినా, దర్గాలో అయినా, చర్చిలో అయినా ఆ పని తప్పే. చెప్పులు బయట విడవండి, లోపల ఫొటో తీయాలంటే అక్కడున్నవాళ్లను ముందు అడగండి, వద్దంటే వదిలేయండి.

జేబీఎస్ ప్లాట్‌ఫాం

ప్రయాణం సంగతి నేను చెప్తా. సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మెదక్‌కు బస్సులు రోజంతా ఉంటాయి. దూరం సుమారు వంద కిలోమీటర్లు. రైలు నిజమే. 2022లో అక్కన్నపేట నుంచి మెదక్ దాకా కొత్త లైను తెరిచారు, కాచిగూడ నుంచి ప్యాసింజర్ వస్తుంది. అంతకు ముందు ఆ ఊరికి రైలు లేదు. పోస్నెట్ రోజుల్లో హైదరాబాద్ నుంచి గుర్రం మీద రెండు రోజుల దారి అంటారు.

కానీ మీ ఇంటిల్లిపాదికీ రైలు వద్దంటాను. రైళ్లు తక్కువ, వాటి టైముకు మీరు కట్టుబడిపోతారు. పైగా చర్చి తప్ప మిగతావన్నీ ఊరి బయట తలో దిక్కున ఉన్నాయి. పెద్దవాళ్లున్నారు కాబట్టి కారే మంచిది. బాలానగర్, గండిమైసమ్మ, నర్సాపూర్, కౌడిపల్లి, కుల్చారం మీదుగా వెళ్లండి. నర్సాపూర్ అడవి మధ్యలోంచి రోడ్డు పోతుంటే పాపకు కోతులు బోలెడు కనిపిస్తాయి. బండి ఆపి వాటికి తిండి మాత్రం పెట్టకండి, రోడ్డు మీదికి అలవాటై బండ్ల కింద పడుతున్నాయి.

కారు మాట్లాడుకునేటప్పుడే "సాయంత్రం దాకా" అని గట్టిగా చెప్పండి. మేం ఒకసారి ప్యాకేజీ వాళ్లతో వెళ్తే చర్చి దగ్గర ఇరవై నిమిషాలిచ్చి హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. మా అత్తమ్మ బెంచీ మీంచి మధ్యలో లేచి వచ్చేసింది.

ఖిల్లా బురుజు

ఖిల్లా గురించి ఒక్కరు కూడా సరిగ్గ చెప్తలేరు. నేను చెప్త. చర్చి నూరేళ్లది, ఖిల్లా కాకతీయుల కాలం నుంచి ఉన్నది. తర్వాత బహమనీలు, కుతుబ్‌షాహీలు ఏలిన్రు. కిందికెల్లి పైకి పోతుంటే మూడు పెద్ద దర్వాజలు వస్తయి: ప్రథమ ద్వారం, సింహ ద్వారం, గజ ద్వారం. మొదటి దాని మీద గండభేరుండం, అంటే రెండు తలల పక్షి, చెక్కి ఉంటది. సింహ ద్వారం మీద రెండు సింహాలు నోరు తెరిచి ఉరుముతుంటయి. గజ ద్వారం కాడ అటొక ఏనుగు ఇటొక ఏనుగు, తలకాయలు ఒకదానికొకటి ఆనిచ్చుకున్నట్టు చెక్కిన్రు. ఇన్ని వందల ఏండ్లల ఎంతమంది చేతులు ఆనినయో, తొండం కాడ రాయి నునుపెక్కింది. పాపను అక్కడ ఆపి చెయ్యి పెట్టి చూడమనుండ్రి.

మీదికి పోతే ముబారక్ మహల్, పాత ధాన్యం కొట్లు, 17వ శతాబ్దం నాటి ఫిరంగి, కుతుబ్‌షాహీల మసీదు. మసీదుకు పోయేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. అక్కడ గుడ మర్యాదగ ఉండాలె.

అసలు సంగతేందంటే, చర్చిని మొత్తం ఒక్క చూపుల చూడాలంటే ఖిల్లా మీదికే పోవాలె. కింద నిలవడితే గోపురమే కనవడతది. మీదికెల్లి చూస్తే పొలాలు, చెరువులు, ఇండ్ల కప్పులు, నడుమ తెల్లగ చర్చి, ఊరు ఎంతున్నదో చర్చి ఎంతున్నదో అప్పుడు తెలుస్తది. మీ ఆవిడ, మీరు, పాప పోండ్రి. మీ అమ్మా నాయిన చర్చి ఆవరణల చెట్ల కింద కూసుంటరు. మధ్యాహ్నం ఎండల మాత్రం ఎక్కకుండ్రి, రాళ్లు కాలుతయి. నీళ్లు మీరే పట్టుకపోవాలె.

ఆదివారం పాట

ఖిల్లా బురుజు అన్నా, ఈ మాట బాగా చెప్పావు. పైనుంచి చూడటం నాకెప్పుడూ తట్టలేదు, ఈసారి ఎక్కుతాను.

చెరువు కట్ట

పాప ఉందన్నారు కాబట్టి పోచారం చెప్పకుండా ఉండలేను. మెదక్ నుంచి ఎల్లారెడ్డి దారిలో పదిహేను కిలోమీటర్ల లోపే. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి, 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆలేరు వాగు మీద 1916 నుంచి 1922 దాకా కట్టిన ఆనకట్టతో చెరువు ఏర్పడింది. చిత్రంగా చర్చి కడుతున్న ఏళ్లలోనే ఇక్కడ రాయి మీద రాయి పేర్చి ఆనకట్టా కట్టారు. జింకల పెంపక కేంద్రం ఉంది, చుక్కల దుప్పులు దగ్గరగా కనిపిస్తాయి. నవంబరుకు వలస పక్షులు రావడం మొదలవుతుంది. తల మీద రెండు నల్ల చారలున్న బాతులు కనిపిస్తే పాపకు చెప్పండి, అవి హిమాలయాలు దాటి వచ్చే పక్షులు. దూరదర్శిని ఉంటే తప్పక తీసుకెళ్లండి.

మంజీర ఒడ్డు

పోచారం మంచిదే గాని, పెద్దోళ్లతోని వస్తుంటే నేనైతే ఏడుపాయలకు పొమ్మంట. చర్చి చూసి ఏడుపాయల చూడకుంటే మెదక్ సగమే చూసినట్టు. మంజీర అక్కడ ఏడు పాయలుగ చీలి మళ్ల ఒక్కటయితది. ఆ పాయల నడుమ రాతి గుండ్ల కింద వనదుర్గమ్మ. జమదగ్ని, అత్రి, కశ్యపుడు, విశ్వామిత్రుడు, వశిష్ఠుడు, భరద్వాజుడు, గౌతముడు, ఏడుగురు రుషుల పేర్ల మీద ఏడు పాయలని పెద్దోళ్లు చెప్తరు. జనమేజయుడు సర్పయాగం చేసింది ఈడనే అని స్థలపురాణం.

ఎగువన ఘనపురం ఆనకట్ట ఉంటది, నిజాం జమానల కట్టింది. అక్కడికెల్లి మహబూబ్ నహర్, ఫతే నహర్ అని రెండు కాలువలు పోతయి. మా పొలాలకు వచ్చే నీళ్లు గవ్వే. ఆ మత్తడి దుంకుతుంటే, అంటే ఆనకట్ట మీదికెల్లి నీళ్లు పొర్లుతుంటే, చూడాలె.

బండి గుడి దగ్గర దాకా పోతది, నాయినకు అలుపు ఉండదు. హైదరాబాద్ మర్లేటప్పుడు పోతంశెట్టిపల్లి కాడ తిరిగితే సరిపాయె, తొవ్వలనే పడతది. ఆదివారం మాత్రం పోకుండ్రి. మొక్కులోళ్లు, బోనాలోళ్లు, చెట్ల కింద యాటలు కోసి వండుకునేటోళ్లు, నిలవడనీకె జాగ ఉండదు. శివరాత్రి జాతర మూడు దినాలు సరే సరి, లక్షల జనం.

చెరువు కట్ట

ఒప్పుకుంటాను, పెద్దవాళ్లకు ఏడుపాయలే అనువు. అయితే రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. పోచారం ఒక దిక్కు, ఏడుపాయల ఇంకో దిక్కు. రోజంతా కారులోనే గడిచిపోతుంది.

కృష్ణలంక అక్క

తమ్ముడూ, నాదీ బెజవాడే. క్రిస్మస్‌కు వెళ్లమని ఎవరూ చెప్పలేదేంటి? తెల్లవారకముందే మొదటి ఆరాధన. చలిలో దుప్పట్లు కప్పుకుని, పిల్లల్ని భుజాన వేసుకుని, ముందు రాత్రే వచ్చి ఆవరణలో పడుకున్న కుటుంబాలు. హిందువులు, ముస్లింలు కూడా వచ్చి కొవ్వొత్తులు వెలిగిస్తారు. 2024 డిసెంబరు 25కు నూరేళ్లు నిండాయి, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా వచ్చారు ఆ రోజు. ఆ జనంలో నిలబడితే కలిగే సంతోషం నవంబరులో ఖాళీ బెంచీల మధ్య దొరకదు.

ఆదివారం పాట

అక్కా, నేనూ క్రిస్మస్‌కు అక్కడే ఉంటాను, మీరు చెప్పింది అక్షరాలా నిజం. కానీ వాళ్ల నాన్నగారి మోకాళ్లు గుర్తుపెట్టుకోండి. ఆ రోజు లోపలికి పోవడానికి వరసలో గంటల తరబడి నిలబడాలి. కిటికీలు నిదానంగా చూసే వీలుండదు. కార్లు దూరంగా ఆపేస్తారు. మొదటిసారి, పెద్దవాళ్లతో అంటే నవంబరే సరైనది. క్రిస్మస్‌కు ఇంకో ఏడాది ఇద్దరూ మాత్రమే రావచ్చు.

కృష్ణలంక అక్క

అదీ నిజమే. నాన్నగారిని కష్టపెట్టొద్దు.

డోర్నకల్ జంక్షన్

బెజవాడ నుంచి వస్తున్నారు కాబట్టి ఒక మాట. కాజీపేట లైన్లో మీ రైలు డోర్నకల్ మీదుగానే వస్తుంది. ఇక్కడా ఒక కెథడ్రల్ ఉంది, ఊరు మెదక్ కన్నా ఇంకా చిన్నది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య కట్టించారు. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఈ చర్చిని చూస్తే బయటినుంచి గుమ్మటాలు, మినార్లలాంటి శిఖరాలు, లోపల గుడి మండపం స్తంభాలు. మన నేల మీద నిలబడే చర్చి మన కట్టడాల తీరులోనే ఉండాలని ఆయన పట్టుబట్టారు. మెదక్ చూసినవాళ్లు డోర్నకల్ కూడా చూస్తేనే కథ పూర్తవుతుంది. రెండు ఊళ్లు, పదిహేనేళ్ల తేడా, రెండు వేర్వేరు ఆలోచనలు. మెదక్‌లో ఇంగ్లండ్ గోథిక్ తీరును మన రాళ్లతో కట్టారు. ఇక్కడ తీరే మనది. నా మనసు ఇటువైపే మొగ్గుతుంది, మా ఊరని కాదు.

పాత కాగితాలు

డోర్నకల్ గారి మాటకు నా ఓటు. పర్యాటకుల జాబితాల్లో ఆ పేరే కనిపించదు, అన్యాయం. ఒకటి మాత్రం చేరుస్తాను. మెదక్ నేల మీద పరిచిన టైల్స్ చూడండి. ఇంగ్లండ్ నుంచి తెప్పించి ఇటలీ మేస్త్రీలతో పరిపించారని చెప్తారు. నూరేళ్ల నుంచి వేల పాదాలు నడిచినా పువ్వుల రంగులు ఇంకా నిలిచి ఉన్నాయి. అందరూ తలెత్తి చూస్తారు, కిందికి చూసేవాళ్లు తక్కువ.

బెజవాడ బండి

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. బావగారికి ఈ పేజీ పంపించాను, తనూ వస్తానంటున్నారు. అనుకున్నది ఇది: బుధవారం తెల్లవారుజామున బయల్దేరి తొమ్మిదిన్నరకు చర్చి. అమ్మావాళ్లు అక్కడ కూర్చుంటే మేం ఎండ ముదరకముందే ఖిల్లా ఎక్కి దిగుతాం. మధ్యాహ్నం భోంచేసి ఏడుపాయల, అట్నుంచి ఇంటికి. పోచారం వదిలేస్తున్నాం, పాపకు ఇంకా చెప్పలేదు. తిరుగు రైల్లో డోర్నకల్‌లో దిగడానికి అమ్మ అప్పుడే ఒప్పేసుకుంది. భోజనం ఎక్కడ?

జేబీఎస్ ప్లాట్‌ఫాం

ఊళ్లో బస్టాండ్ చుట్టూ హోటళ్లున్నాయి, మామూలు భోజనం దొరుకుతుంది. పెద్దవాళ్లకు కారం పడకపోతే ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లండి, చెట్ల నీడ ఎటూ ఉంది. దారిలో నవంబరుకు సీతాఫలాలు చివరి పంట, బుట్టల్లో పెట్టి అమ్ముతుంటారు. కండ్లు విచ్చుకున్నవి అదే రోజు తినడానికి, గట్టివి ఇంటికి. సమయం మిగిలితే కుల్చారంలో ఆగి జైన మందిరంలో నల్లరాతి పార్శ్వనాథుణ్ణి చూడండి. నిలువెత్తు కన్నా పెద్ద విగ్రహం, ఏడు పడగల నాగు కింద. రోడ్డు పక్కనే.

నల్లగొండ నుంచి

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మేం ఆగస్టులో వెళ్దామనుకుంటున్నాం. వానల్లో ఏడుపాయల గుడి తెరిచి ఉంటుందా?

మంజీర ఒడ్డు

అక్కా, ఎగువ నుంచి నీళ్లు వదిలితే మంజీర గుడిలకే వస్తది. అమ్మవారి ముందటి మండపం మునుగుతది. అప్పుడు గుడి మూసి ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురం కాడ పెట్టి పూజలు చేస్తరు. దర్శనం అక్కడనే చేస్కోవాలె. తాళ్లు, బారికేడ్లు కట్టిన కాడికెల్లి ముందుకు పోకుండ్రి, సెల్ఫీల కోసం పాయలల్ల దిగి కొట్టుకపోయినోళ్లున్నరు. వచ్చే ముందుదినం వార్తలల్ల మత్తడి పారుతుందా లేదా చూసి బయలెల్లుండ్రి. పారుతుంటే పొద్దుగాల చర్చి, ఖిల్లా చూసుకొని, ఏడుపాయలను అవతలి ఒడ్డు నుంచే చూసి రాండ్రి.